నేర్చుకునేవాళ్ళ చాప

ఆర్థడాక్స్ అనే మాటను ఇప్పుడు మా పిల్లలు మడి, ఆచారం పట్టింపు ఉన్న ఇళ్ళ గురించి వాడుతుంటారు. నేను ఆ మాటను మొదటిసారి విన్నది 1959 మే నెలలో, వికారాబాదు మిషన్ ఆసుపత్రిలో నర్సు పని నేర్చుకుంటూ అక్కడి నర్సుల వసతిలో ఉన్నప్పుడు. చెప్పింది మలబారు నుంచి వచ్చిన ఒక నర్సక్క. అప్పటికి తాండూరు చర్చిలో మా అమ్మను ప్రభువు బల్ల దగ్గరికి, అంటే సంస్కారపు రొట్టె తీసుకోవడానికి, రావద్దని చెప్పి నెల దాటింది. అందరికీ ఇచ్చే ఆ రొట్టె ముక్క అమ్మకు మళ్ళీ ఇస్తారా లేదా అన్నదే అప్పుడు నాకున్న బెంగ. ఆ మాట అర్థం కోసం, దాని చరిత్ర కోసం నేను వెంటపడింది అందుకే. చదువు మీద ప్రేమతో కాదు.

మా బంధువుల్లో కొందరు ఇదంతా 1960లో మొదలైందంటారు. కాదు, 1959లో. ఆ ఏడు ఈస్టరు మార్చి 29న వచ్చింది. అయితే అసలు సంగతి అంతకంటే పదకొండేళ్ళు వెనక ఉంది. అక్కడి నుంచి చెప్తాను.

మాది తాండూరు శివారు. నాన్న నాపరాళ్ళ గనిలో బండలు తీసేవాడు. 1947 వానలు వెళ్ళిపోయాక అమ్మా నాన్నా బాప్తిస్మం కోసం పాఠాలు నేర్చుకోవడం మొదలుపెట్టారు. అప్పట్లో మా చర్చిలో అందరూ కిందే కూర్చునేవాళ్ళు, ఆడవాళ్ళు ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క. ఇంకా బాప్తిస్మం కానివాళ్ళకు మాత్రం తలుపు పక్కన వేరే చాప ఉండేది. దాన్ని నేర్చుకునేవాళ్ళ చాప అనేవాళ్ళు. సంస్కారం రోజున మిగతావాళ్ళు లేచి ముందుకు పోయి మోకరించి రొట్టె తీసుకుంటుంటే, ఆ చాప మీది వాళ్ళు కూర్చున్నచోటనే కూర్చునేవాళ్ళు. నేనూ అమ్మ పక్కన అక్కడే కూర్చునేదాన్ని. నాకప్పుడు పదేళ్ళు నిండుతున్నాయి.

1948 మార్చిలో, ఈస్టరుకు ముందు, బడి వరండాలో పరీక్ష పెట్టారు. ప్రభువు నేర్పిన ప్రార్థన, పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం చూడకుండా చెప్పాలి. అప్పటి పాస్టరు, తర్వాత మేము పాత అయ్యగారు అన్న ఆయన, కుర్చీలో, సంఘ పెద్ద ఆయన పక్కన స్టూలు మీద కూర్చున్నారు. అమ్మ ఒక్క గుక్కలో చెప్పేసింది. నాన్నకు అక్షరం రాదు. అయినా గనిలో పని చేస్తూనే వల్లె వేసుకుని మొత్తం నోటికి పట్టాడు. విశ్వాస ప్రమాణంలో చివరికి వచ్చాడు. పరిశుద్ధుల సహవాసం, పాప క్షమాపణ దాటాడు. చనిపోయినవాళ్ళు శరీరంతో మళ్ళీ లేస్తారనే మాట, శరీర పునరుత్థానం, దగ్గర ఆగాడు.

"మర్శినవా?" అన్నాడు సంఘ పెద్ద.

"మర్వలే. అయ్యగారూ, మా జోడీగాని మీద బండ పడ్డది పోయినేడు. రెండు కాళ్ళు పిండి పిండి అయినై. నేనే ఏరి మూట గట్టిన. గాయన ఏ కాళ్ళతోని లేస్తడు?"

"గది నీకెందుకయ్యా? నమ్ముతున్నవా లేదా, గది చెప్పు," అన్నారు పాత అయ్యగారు.

నాన్న తలగోక్కున్నాడు. "తెల్వది అయ్యగారూ. తెలుస్తే నమ్ముత. తెల్వంది నమ్ముతున్న అని దేవుని ముంగట ఎట్లనాలె?"

"గనిల పని జేసేటోనికి దేవుని మాట గూడ కొలత వెట్టి కోసియ్యాలె," అన్నాడు సంఘ పెద్ద. అందరూ నవ్వారు. నాన్న కూడా నవ్వాడు. పాత అయ్యగారు నవ్వలేదు. "ఈసారికి ఆగు. వచ్చే ఈస్టరుకు రా," అన్నారు.

అమ్మ తానూ ఆగుతానంది. నాన్న ఒప్పుకోలేదు. "నువ్వు, బిడ్డ తీస్కోండ్రి. నేను మీదికి యేడు వస్త. ఫికర్ జెయ్యకు," అన్నాడు. మార్చి 28న, ఈస్టరు రోజున, అమ్మకూ నాకూ బాప్తిస్మం అయింది. నాన్న చాప మీద కూర్చుని చూశాడు.

వచ్చే ఈస్టరు ఆయనకు రాలేదు. అదే ఏడు సెప్టెంబరులో, సైన్యం హైదరాబాదు మీదికి వచ్చిన రోజుల్లో, గనులు మూతబడి ఉండగా మా వాడలో కలరా, మావాళ్ళ మాటలో గత్తర, సోకింది. నాన్న ఒక్క రోజులో పోయాడు. పాత అయ్యగారు వచ్చి మాతోపాటు ఏడ్చారు. కానీ సమాధుల తోట గోడ లోపలి నేల బాప్తిస్మం పొందినవాళ్ళకే అన్నది నియమం. ఏడుస్తూనే ఆయన ఆ నియమం చెప్పారు. నాన్నను గోడ అవతల, తుమ్మ చెట్ల మధ్య పెట్టారు.

మా వైపు ఈస్టరు నాడు తెల్లవారకముందే అందరూ సమాధుల తోటకు పోతారు. ముందు రోజే సమాధులకు సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి, పొద్దు పొడిచేటప్పుడు పాటలు పాడతారు. 1949 ఈస్టరు నాడు పాటలు అయ్యాక అమ్మ నన్ను వెంటబెట్టుకుని గోడ అవతలికి నడిచింది. నాన్న పక్కన కూర్చుని, కళ్ళు మూసుకుని, విశ్వాస ప్రమాణం మొదటి నుంచి చివరి దాకా చెప్పింది. శరీర పునరుత్థానం దగ్గర ఆగి, మట్టి మీద చెయ్యి పెట్టి, "నమ్ముతున్న అంటున్నడు" అని, మిగతాది పూర్తి చేసింది. ఎందుకని నేను అడగలేదు. ఆ తర్వాత ప్రతి ఈస్టరుకూ అదే. పదేళ్ళపాటు ఎవరూ పట్టించుకోలేదు. భర్త పోయిన మనిషి ఏదో గొణుక్కుంటుంది అనుకుని ఉంటారు.

1958లో కొత్త అయ్యగారు వచ్చారు. ఆయనది దౌల్తాబాదు పక్కన ఒక పల్లె, మావంటి ఇల్లే. బెంగళూరు దాకా పోయి వేదాంతం చదివారు. వానలో సైకిలు తొక్కుకుంటూ పోయి రోగుల దగ్గర కూర్చునేవారు. ఒకరి ఇంట్లో తిని ఒకరి ఇంట్లో తినకుండా ఉండే మనిషి కాదు. ఇదంతా ముందే చెప్తున్నాను. తర్వాత చెప్పేదాన్ని బట్టి ఆయన్ను ఎవరైనా చెడ్డవాడనుకుంటారేమోనని.

1959 ఈస్టరు నాడు అమ్మ గోడ దాటడం ఆయన చూశారు. వెనకే వచ్చి, అమ్మ పూర్తి చేసేదాకా నిలబడ్డారు.

"అమ్మా, ఏం చేస్తున్నరిక్కడ?"

"పాఠం అప్పజెప్తున్న అయ్యగారూ."

"ఎవరి పాఠం?"

"మా ఇంటాయనది. వచ్చే ఈస్టరుకు రమ్మన్నరు. ఆయన రాలేకపాయె. నేనొచ్చిన."

"పదకొండు ఈస్టర్లు అయినయి కదమ్మా."

"అయితే అయినయి. పాసైండని ఇప్పటిదాంక ఎవ్వరు చెప్పలేగద."

అయ్యగారి ముఖం చూస్తే నవ్వు వచ్చిందో ఏడుపు వచ్చిందో తెలియలేదు. గోడ దాటి వెళ్ళిపోయారు. రెండు వారాలకు సంఘ కమిటీ అమ్మను పిలిచింది. అదే బడి వరండా. సంఘ పెద్ద కూడా ఆయనే. జుట్టు నెరిసింది, నోరు నెరవలేదు.

"సచ్చినోని బదులు పెండ్లాం పరీక్ష ఇస్తదట. ఇగ రేపటిసంది మా పిల్లలయి గూడ నువ్వే రాయరాదు," అన్నాడు.

"మీ పిల్లలయి నాతోని గాదన్నా. వాళ్ళకు పాఠమే రాకపాయె," అంది అమ్మ.

నలుగురు నవ్వారు. అయ్యగారు చెయ్యెత్తి ఆపారు. చనిపోయినవాళ్ళ కోసం ప్రార్థించడం, వాళ్ళ బదులు విశ్వాసం చెప్పడం మన సంఘం బోధ కాదని నెమ్మదిగా వివరించారు. విశ్వాసం ఎవరిది వాళ్ళే చెప్పాలి, బతికుండగానే చెప్పాలి అన్నారు. "ఇక చెయ్యనని ఒక్క మాట అనండమ్మా. నాకు అంతే చాలు."

"అనొచ్చు అయ్యగారూ. అంటే మల్ల ఈస్టరు నాటికి అబద్ధమైతది."

అట్లా అమ్మ మళ్ళీ నేర్చుకునేవాళ్ళ చాప మీదికి వచ్చింది. ఒప్పుకునేదాకా సంస్కారం లేదు. ఆ ఆదివారం సెలవు మీద వచ్చి నేనూ చర్చిలో ఉన్నాను. అందరూ ముందుకు పోతుంటే తలుపు దగ్గర అమ్మ, ఇద్దరు ముగ్గురు చిన్న పిల్లల తల్లులు మిగిలారు. అమ్మ తల వంచుకోలేదు. వంచుకుని ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

వికారాబాదు వచ్చాక నాకు అన్నం సయించలేదు. మలబారు నర్సక్క కనిపెట్టి అడిగింది. ఆమె నాకంటే ఆరేళ్ళు పెద్ద. ఈస్టరుకు ముందు యాభై రోజులు చేప, మాంసం, చివరికి పాలు కూడా ముట్టేది కాదు. తినేముందు ఛాతీ మీద సిలువ గుర్తు వేసుకునేది. వసతిలో తోటి పిల్లలు "గీమె మనోళ్ళేనా, మడి కట్టుకునేటోళ్ళా?" అని ఆటపట్టించేవాళ్ళు. ఆమె సంగతంతా విని, ఆసుపత్రిలో నేర్చుకున్న తెలుగులో చెప్పింది. "మా సంఘం ఆర్థడాక్స్. పాత సంఘం. ప్రభువు శిష్యుల్లో ఒకాయన పడవ మీద మా తీరానికి వచ్చాడు, అప్పటి నుంచి ఉన్నామని మా పెద్దలు చెప్తారు. మా ఆరాధనలో ప్రతిసారీ చనిపోయినవాళ్ళ కోసం ప్రార్థిస్తాం. చనిపోయినంత మాత్రాన సంఘంలోంచి పోతారా?"

ఆర్థడాక్స్ అంటే ఏమిటని అడిగాను. వాళ్ళ తాత పూజారి. ఆయన చెప్పేవాడట, అది గ్రీకు మాట అనీ, దేవుణ్ణి సరైన విధంగా స్తుతించడం దాని అర్థమనీ.

నాకు ప్రాణం లేచి వచ్చింది. అమ్మ చేసేది కొత్తదేమీ కాదు, మా సంఘం పుట్టకముందు నుంచీ ఉన్నదే! అయినా లెక్క సరిచూసుకునే అలవాటు నాది. ఇంకొక్కటి అడిగాను. "అయితే అక్కా, మీ సంఘంలో మా నాన్న కోసం ప్రార్థిస్తారా?"

"మీ నాన్నకు బాప్తిస్మం కాలేదు కదా," అంది ఆమె. "ఆరాధనలో చెయ్యరు. ఇంట్లో, నీ మనసులో చేసుకోవచ్చు."

అక్కడ కూడా గోడ ఉంది. కాకపోతే కొంచెం అవతల.

జూన్‌లో తాండూరు పోయినప్పుడు అయ్యగారి గదికి వెళ్ళాను. నర్సక్క చెప్పినదంతా చెప్పాను. ఆయన కోప్పడలేదు. కూర్చోమని, పెద్ద పుస్తకం ఒకటి తీసి పక్కన పెట్టుకున్నారు గాని తెరవలేదు. అంతా ఆయనకు నోటికే వచ్చు.

ఆ గ్రీకు మాటలో మొదటి సగానికి తిన్ననిది, సరైనది అని అర్థమట. రెండో సగానికి అభిప్రాయమనీ చెప్పవచ్చు, మహిమ అనీ చెప్పవచ్చు. పుస్తకాలవాళ్ళు మొదటిది పట్టుకుంటారు, ఆరాధన చేసేవాళ్ళు రెండోది పట్టుకుంటారు అన్నారు. మేము నోటికి చెప్పే విశ్వాస ప్రమాణం మొదట్లో పాఠం కాదట. బాప్తిస్మానికి నీళ్ళలో నిలబడ్డవాణ్ణి తండ్రిని నమ్ముతున్నావా, కుమారుణ్ణి నమ్ముతున్నావా, పరిశుద్ధాత్మను నమ్ముతున్నావా అని మూడుసార్లు అడిగేవాళ్ళు, మూడుసార్లు నమ్ముతున్నానని చెప్పేవాడు. ఆ ప్రశ్నలు, జవాబులే తర్వాత ఒకటిగా కూడాయి. అప్పటికింకా పట్టుబడితే ప్రాణం పోయే కాలం. తర్వాత చక్రవర్తే క్రైస్తవుల పక్షం చేరాడు. కుమారుడు తండ్రితో సమానమా, తండ్రి చేసినవాడా అని తగువు వస్తే, 325లో నికయ పట్టణంలో బిషప్పులను కూర్చోబెట్టాడు. సమానమని తేల్చారు. ఒప్పుకోనివాళ్ళను దేశం దాటించారు. 451లో ఇంకో సభ, క్రీస్తులో దైవత్వం, మానవత్వం ఎట్లా కలిసి ఉన్నాయన్న దాని మీద. నర్సక్క వాళ్ళ సంఘం ఇప్పుడు ఏ పక్షానిదో ఆ పక్షం అప్పుడు విడిపోయింది, ఆర్థడాక్స్ అన్న మాట మాత్రం వదల్లేదు. 1054లో గ్రీకు మాట్లాడే తూర్పువాళ్ళు, రోము పక్షాన ఉన్న పడమటివాళ్ళు ఒకరినొకరు వెలివేసుకున్నారు. తూర్పువాళ్ళకు కూడా ఆర్థడాక్స్ అన్నది పేరుగానే నిలిచిపోయింది. ఆ తర్వాత అయిదు వందల ఏళ్ళకు పడమటి దేశాల్లో చనిపోయినవాళ్ళ కోసం చేసే ప్రార్థన వ్యాపారమైపోతే, మా సంఘాల పూర్వీకులు దాన్ని మొత్తంగా తీసేశారు.

"ప్రతిసారి రెండు పక్షాలు గూడ మేమే సరైనోళ్ళం అన్నరా?" అని అడిగాను.

"అన్నరు."

"మరి మనం సరైనోళ్ళమని మనకెట్ల తెలుసు అయ్యగారూ?"

అప్పుడు ఆయన చెప్పిన మాటలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. "మా తాత బాప్తిస్మం తీసుకున్నడు. ఆదివారం చర్చికి పోయేటోడు. పెత్రమాస నాడు మాత్రం తలుపు ఎన్క ఇస్తార్ల బువ్వ, కూర పెట్టేటోడు, సచ్చిన పెద్దలకు. వాళ్ళొచ్చి తినిపోకపోతే పిల్లలకు జ్వరాలొస్తయని భయం. మా చెల్లెకు జ్వరమొస్తే దవాఖానకు తీస్కపోలే. బువ్వ సరిగ పెట్టలేదని మల్ల పెట్టిండు. మా చెల్లె బతకలే. బిడ్డా, గీత ఏడ గీయాలెనో నాకు గూడ సరిగ తెల్వది. గీత లేకపోతే ఏమైతదో మాత్రం నేను చూసిన."

నేను వాదించడానికి వెళ్ళినదాన్ని. బయటికి వచ్చాక అనిపించింది, అమ్మ, అయ్యగారు ఇద్దరిలో ఎవరు తప్పో తేలితే ఎంత బాగుండేదని.

ఆగస్టులో నాకొక ఉపాయం తోచింది. అమ్మ కళ్ళు చూపించుకోవడానికి వికారాబాదు వచ్చింది. ఆసుపత్రి ప్రార్థన గదిలో ఆ ఆదివారం సంస్కారం. ఇచ్చేది వేరే ఊరి అయ్యగారు, అమ్మ ఎవరో ఆయనకు తెలియదు. "పో అమ్మా, ఎవ్వరు అడగరు," అన్నాను. అమ్మ లేచింది. సగం దూరం పోయి, తిరిగి వచ్చి నా పక్కన కూర్చుంది.

"ఏమైంది?"

"గాయనకు నేనెవరో తెల్వది. తెల్వనోని చేతిల తింటే దొంగబువ్వ అయితది. మావోళ్ళ ముంగట్నే తింట, తింటే."

1960 ఈస్టరు ఏప్రిల్ 17న వచ్చింది. పాటలు అయ్యాక అమ్మ గోడ అవతలికి పోయింది. ఈసారి అక్కడ ఇంకొకరు ఉన్నారు. బంట్వారం నుంచి మా వాడకు కోడలుగా వచ్చిన పిల్ల. ఇంకా బాప్తిస్మం కాలేదు, నేర్చుకునేవాళ్ళ చాప మీద అమ్మ పక్కనే కూర్చునేది. క్రితం చలికాలంలో ఆమె మొదటి కొడుకు నెలల పిల్లవాడిగానే పోయాడు. వాణ్ణీ గోడ అవతలే పెట్టారు. ఆ చిన్న మట్టి దిబ్బ మీద ఆమె ఒక గిన్నెలో పాలు పోసి పెట్టింది.

అయ్యగారు గోడ దగ్గర నిలబడి చూస్తున్నారు. అమ్మ కూడా చూసింది.

"ఏందే పిల్లా ఇది?"

"నువ్వు జేస్తలేవా పెద్దమ్మా? నువ్వు జేస్తే భక్తి, నేను జేస్తే తప్పా?"

"నేను బువ్వ పెడుతున్ననా? పాఠం జెప్తున్న. నీ కొడుకు తాగడు బిడ్డా. పిల్లి తాగుతది."

ఆ పిల్ల ఏడవడం మొదలుపెట్టింది. అమ్మ గిన్నె తీసి ఆమె చేతిలో పెట్టి, "ఇంటికి తీస్కపో. నువ్వు తాగు. బొక్కలు తేలినవ్," అంది. తర్వాత తన పని తాను కూర్చుని చేసుకుంది.

తిరిగి వస్తుంటే అయ్యగారు నా పక్కన నడిచారు. "మీ అమ్మ ఆపింది. సంతోషం. కానీ ఆ పిల్ల చూసి నేర్చుకున్నది మీ అమ్మనే. ఇయ్యాల పాలు. మీదికి యేడు కోడి," అన్నారు.

అప్పటి నుంచి అమ్మ ఆ పిల్లకు పాఠం చెప్పడం తన పనిగా పెట్టుకుంది. చాప మీద కూర్చుని, ఆరాధన మొదలయ్యేలోపు అప్పజెప్పించుకునేది. ఒక్క ఒత్తు జారనిచ్చేది కాదు. ఒకసారి నేనున్నప్పుడు ఆ పిల్ల శరీర పునరుత్థానం దగ్గర ఆగింది.

"పెద్దమ్మా, మావోడు చిన్నగనే లేస్తడా, పెద్దగై లేస్తడా? పెద్దగైతే నేనెట్ల గుర్తువడుత?"

అమ్మ చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "పరీక్షల గిది అడగకు. నోరు మూస్కొని నమ్ముతున్న అను. బయటికొచ్చినంక నన్నడుగు."

"నీకు తెలుసా?"

"నాకేం తెలుసు. ఇద్దరం కూసోని అడుక్కుందం."

అది విన్న రోజు నాకు నిద్ర పట్టలేదు. నాన్న అడిగిన ఏ ప్రశ్న కోసం అమ్మ ఇంతకాలం చాప మీద కూర్చుందో, ఆ ప్రశ్ననే దాచుకోమని ఇంకొకరికి నేర్పుతోంది. ఇంకేం నేర్పగలదు?

1961 మార్చిలో పరీక్ష జరిగింది. అమ్మ వరండా మెట్ల మీద కూర్చుంది, నేను పక్కన ఉన్నాను. ఆ పిల్ల అంతా సరిగ్గానే చెప్పి ఆ మాట దగ్గరికి వచ్చింది. అమ్మ వైపు చూసింది. అమ్మ తల అడ్డంగా ఊపింది. ఆ పిల్ల పెదవి కొరుక్కుంది గాని ఆగలేకపోయింది. కొడుకు సంగతి అడిగేసింది.

సంఘ పెద్ద కుర్చీలో వెనక్కి వాలాడు. "మల్ల మొదలైంది. గీ చాప మీద ఏం మందు పెట్టిండ్రో."

"నాకు తెల్వదమ్మా," అన్నారు అయ్యగారు. "తెల్వదు గాని నమ్ముతున్న. నువ్వు?"

"మీరు గూడ తెల్వకనే నమ్ముతున్నరా? అయితే నేను గూడ."

"సరిపోయింది. ఈమె సిద్ధంగ ఉన్నది, రాసుకోండి," అన్నారు అయ్యగారు.

అందరూ ఆ పిల్లను చూస్తుంటే నేను అమ్మను చూశాను. అమ్మ లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు మీదికి నడిచింది. నేను పరుగెత్తి అందుకున్నాను. సంతోషించిందేమో అనుకున్నాను. ముఖం కోపంతో నల్లబడి ఉంది.

"గా ఒక్క మాట పదమూడేండ్ల కింద అనరాదా? నాకు గూడ తెల్వది అని? మీ నాయన గోడ లోపల ఉంటుండె. ఏం పోతుండె వాళ్ళది?"

"పాత అయ్యగారు వేరు గదమ్మా."

"అయ్యగార్లు వేరైతరు. దేవుడు గూడ వేరైతడా?"

నాకు తెలిసిన సభలు, సంవత్సరాలు ఏవీ దానికి జవాబు కావు.

ఏప్రిల్ 2, ఈస్టరు. సమాధుల తోట నుంచి వచ్చాక చర్చిలో ఆ పిల్లకూ ఇంకో నలుగురికీ బాప్తిస్మం అయింది, వెంటనే సంస్కారం. పాఠం చెప్పిన అమ్మ చాప మీదే ఉంది. ఈస్టరు పొద్దున ఎప్పట్లాగే గోడ దాటి వచ్చింది, ఇంకేం ఒప్పుకుంటుంది? ఆ పిల్ల తెల్ల చీరలో మొదటి వరసలో మోకరించింది. అయ్యగారు ఆమె అరచేతిలో రొట్టె ముక్క పెట్టారు. ఆమె దాన్ని రెండుగా విరిచింది. సగం నోట్లో వేసుకుంది. సగం గుప్పిట్లో పట్టుకుని లేచి, అందరి మధ్య నుంచి తలుపు దగ్గరికి నడిచి వచ్చింది.

"పెద్దమ్మా, సగం నీది."

"పో పిల్లా, అయ్యగారు చూస్తున్నడు."

"చూడనీ."

పాట ఆగిపోయింది. అమ్మ అయ్యగారి వైపు చూసింది. ఆయన పళ్ళెం పట్టుకుని అట్లాగే నిలబడ్డారు. వద్దు అని తల ఊపుతారేమో అనుకున్నాను. ఊపలేదు. తీసుకో అని కూడా అనలేదు. తర్వాతి మనిషి వైపు తిరిగి, ఆ మనిషి చేతిలో ముక్క పెట్టారు. అమ్మ చెయ్యి చాపింది. తనవాళ్ళందరి ముందు, రెండేళ్ళ తర్వాత, తిన్నది.

బయటికి వచ్చాక సంఘ పెద్ద అయ్యగారిని పట్టుకున్నాడు. "ఏందయ్యా గిది? మన తీర్మానం ఏమాయె?"

"నేను ఆ పిల్లకిచ్చిన. నా చెయ్యి అక్కడిదాంకనే పోయింది," అన్నారు అయ్యగారు.

తీర్మానం రద్దు కాలేదు. అమ్మ తర్వాత నెల కూడా చాప మీదే కూర్చుంది, ఆ పిల్ల తర్వాత నెల కూడా సగం తెచ్చింది. నేను వికారాబాదులో నర్సక్కకు చెప్తే ఆమె సంతోషిస్తుందనుకున్నాను. సిలువ గుర్తు వేసుకుని, "అది తప్పు. ఒకరి చేతిలో పెట్టింది ఇంకొకరికి ఇవ్వడమా? మా దగ్గర అట్లా ఊహించను కూడా ఊహించరు," అంది. చనిపోయినవాళ్ళ కోసం ప్రార్థించే మనిషే అట్లా అంటే, ఇక అమ్మ తిన్నది సంస్కారం అవునా కాదా అని ఎవరిని అడగాలి? అప్పుడు తేల్చలేదు. అరవై ఏళ్ళు దాటింది, ఇప్పటికీ తేల్చలేదు.

ఆగస్టులో సెలవు మీద వెళ్ళి మళ్ళీ ఆ చర్చిలో కూర్చున్నాను. అయ్యగారు వరసలో ఒక్కొక్కరి చేతిలో వేలి గోరంత ముక్క పెడుతూ వచ్చారు. బంట్వారం పిల్ల దగ్గరికి వచ్చేసరికి పెట్టిన ముక్క రెండింతలు ఉంది. ఊహించి రాయడం లేదు, నా కళ్ళతో చూశాను. ఇంటికి నడుస్తూ అమ్మకు చెప్పాను.

అమ్మ చుట్టూ చూసి, నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"నాకు రెండు నెలలసంది తెలుసు. ఎవ్వరితోని అనకు బిడ్డా. అన్నవంటే చిన్నది జేస్తడు."